స్టేజ్ డిజైన్ యూనివర్సిటీలో చదవాలా? చదివితే ఎక్కడ, ఏం చూసుకుని చేరాలి?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తాను. మీరు బీఎఫ్ఏ పెయింటింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నారు. కాలేజీ నాటికలకు రెండుసార్లు సెట్ వేశారు, అప్పట్నుంచీ ధ్యాసంతా దాని మీదే. స్టేజ్ డిజైన్‌ని యూనివర్సిటీలో చదవడం అవసరమా, చదివితే ఎక్కడ, ఇదంతా మానేసి నేరుగా సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరిపోతే నష్టమేంటి అని అడిగారు. చివర్లో లాప్‌టాప్ ఏది కొనాలన్నారు. "నాటకాలకి సెట్లు వెయ్యడానికి డిగ్రీ ఏంటి" అని ఇంట్లో నవ్వుతున్నారని కూడా రాశారు. దాని దగ్గరికీ వస్తాను.

సూటిగా చెప్పాలంటే, చదవండి. బొమ్మలెయ్యడం కోసమైతే అక్కర్లేదు, అది మీకు ఇప్పటికే వచ్చు. నాటకాన్ని చోటుగా మార్చి చదవడం, దర్శకుడితో కూర్చుని వాదించి తేల్చుకోవడం, కాగితం మీద గీసింది మనుషుల బరువు మోస్తూ నిలబడేదాకా దాని వెంటే ఉండటం, ఇవి బయట ఓపిగ్గా నేర్పేవాళ్లు దొరకరు. అయితే యూనివర్సిటీ పేరు చూసి మాత్రం చేరకండి. సిలబస్ కాగితాలు అన్నిచోట్లా ఘనంగానే ఉంటాయి. ఏడాదికి ఎన్ని నాటకాలు పూర్తి స్థాయిలో స్టేజీ ఎక్కుతున్నాయి, వాటిలో ఎన్నిటికి డిజైన్ బాధ్యత విద్యార్థికి అప్పగిస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలూ అక్కడ చదువుతున్న సీనియర్లని అడగండి. జవాబు "సంవత్సరాంతంలో ఒకటి వేస్తాం" అయితే ఆ చోటు వదిలేయండి, బిల్డింగ్ ఎంత కొత్తదైనా సరే.

నేను ఈ పనిలోనే ఉన్నాను. సెట్లూ లైట్లూ డిజైన్ చేస్తాను, అప్పుడప్పుడూ వెళ్లి పాఠం చెప్తాను, అడ్మిషన్ ఇంటర్వ్యూ బల్లకి అవతలి వైపు కూడా కూర్చున్నాను. కింద రాసేదంతా అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇందులో చదవడానికి ఏముంది?

ఈ మాట అన్నవాళ్లకి నేను కన్యాశుల్కంలో మంచం గురించి చెప్తాను. మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో రామప్పంతులు మంచం కింద దూరతాడు. చీపురు పట్టుకుని పూటకూళ్లమ్మ వచ్చేసరికి గిరీశం కూడా అక్కడికే చేరతాడు. దెబ్బలు మాత్రం పంతులుకి. చదివితే నవ్వు ఆగదు. ఇప్పుడు ఆ మంచం గీయండి చూద్దాం.

మామూలు మంచం ఎత్తు అడుగున్నర. దాని కింద ఇద్దరు మగాళ్లు దూరగలరా, అందులో ఒకాయన కాస్త బొద్దుగా ఉంటే? పోనీ రెండున్నర అడుగులు చేద్దామంటే మధురవాణి కూర్చున్నప్పుడు కాళ్లు గాల్లో వేలాడతాయి. ఆ పాత్ర ఠీవి అక్కడే సగం పోతుంది. స్టేజీ నేల మూడు, మూడున్నర అడుగుల ఎత్తున ఉండే హాల్లో ముందు వరసల వాళ్లకి మంచం కింద జరిగేదంతా కంటికి ఎదురుగా ఉంటుంది. బాల్కనీలో కూర్చున్నవాళ్లకి పరుపు తప్ప ఏమీ కనపడదు. ఇద్దరూ మాయమైపోతారు, కింద హాలు నవ్వుతుంటే పైన ఉన్నవాళ్లు పక్కవాళ్లని ఏమైందని అడుగుతుంటారు. మంచాన్ని వెనక వైపు ఒక ప్లాట్‌ఫారం ఎక్కిస్తే పైవాళ్ల చూపు కొంత సర్దుకుంటుంది, కానీ మధురవాణి ముఖం అందరికీ దూరమైపోతుంది. ఏటవాలుగా తిప్పితే చీపురు ఆడించడానికి పూటకూళ్లమ్మకి ఏ పక్కన చోటు మిగులుతుంది? దుప్పటి ఎటు వేలాడాలి, ఎంత వేలాడాలి? గిరీశం ఏ పక్కనుంచి దూరి ఏ పక్కనుంచి జారుకుంటాడు?

వీటికి ఒకే సరైన జవాబంటూ లేదు. దర్శకుడు ఆ ఘట్టాన్ని ఎంత పరుగు మీద నడపాలనుకుంటున్నాడో, ఆ ఇద్దరి ముఖాలు చూపించి నవ్వించాలనుకుంటున్నాడో, వాళ్ల కాళ్లు చూపించి నవ్వించాలనుకుంటున్నాడో దాన్నిబట్టి మంచం మారుతుంది. గోడల రంగూ, దీపపు స్తంభాలూ, చిలక పంజరం తర్వాత సంగతి. మంచి డిపార్ట్‌మెంట్‌లో మొదటి ఏడాదంతా దాదాపు ఇదే పని. ఒక నాటకం ఇస్తారు. ఒకసారి కథ కోసం చదువుతారు. రెండోసారి ఎవరు ఎప్పుడు ఎటునుంచి వచ్చి ఎటు వెళ్తున్నారో పట్టిక వేస్తారు. మూడోసారి పాత్రలు చేత్తో ముట్టుకునే ప్రతి వస్తువూ రాసుకుంటారు. పెన్సిల్ పట్టేది ఆ తర్వాతే. ఫైన్ ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్లకి ఇదే అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. మొదటి పేజీ చదవగానే వాళ్ల మనసులో బొమ్మ కనపడిపోతుంది, ఇక దాన్ని వదల్లేరు. మీకూ ఆ ఇబ్బంది వస్తుందని ఇప్పుడే చెప్తున్నా.

గీత, మోడల్, వడ్రంగి

తర్వాత గ్రౌండ్ ప్లాన్. స్టేజీని పైనుంచి చూసినట్టు గీసే నక్షా. మధ్యగీత, ప్రొసీనియం (స్టేజీ ముందుండే చట్రం) గీత, వింగులు (పక్కల చాటుగా ఉండే చోట్లు), సైక్లోరమా (వెనకుండే పెద్ద తెర) ఎక్కడున్నాయో, ఏ బాటెన్ (లైట్లూ తెరలూ వేలాడదీసే గొట్టం) ఎంత దూరంలో ఉందో అన్నీ కొలతలతో. దానికి తోడుగా సెక్షన్, అంటే స్టేజీనీ హాలునీ నిలువుగా కోసి చూపించే గీత. మొదటి వరస కొస కుర్చీలోంచీ, ఆఖరి వరసలోంచీ చూపు గీతలు లాగితే సెట్‌లో ఎంత భాగం ఎవరికి కనపడదో తెలిసిపోతుంది. ఇది చేతకాకపోతే ఎంత బొమ్మ వేసినా మీరు స్టేజ్ డిజైనర్ కారు, అంతే.

ఆ పైన మోడల్. బ్రిటన్‌లోనూ, ఇక్కడ చాలాచోట్లా 1:25 కొలతలో చేస్తారు. అమెరికాలో అడుగుకి అరంగుళం, పావు అంగుళం లెక్క. 1:25లో ముప్పై అడుగుల ప్రొసీనియం దాదాపు ముప్పై ఆరున్నర సెంటీమీటర్లు, ఆరడుగుల మనిషి ఏడు సెంటీమీటర్ల చిల్లర. ముందు తెల్ల అట్టతో ముతక మోడల్ చేస్తారు, రంగూ నగిషీ ఏమీ లేకుండా. దర్శకుడి ముందు పెట్టి, అట్ట మనుషుల్ని అటూ ఇటూ జరిపి, కత్తెర పెట్టి కోసేస్తారు. కొయ్యడానికి మనసొప్పేలా ఉండాలనే అది ముతకగా ఉంటుంది. కంప్యూటర్‌లో చేసిన మెరుగు బొమ్మ దీనికి పనికిరాదు. పెళ్లిచూపులకి ముందు పంపే ఫొటోలాంటిది అది. అందులో అన్నీ బాగానే ఉంటాయి.

ఆర్కిటెక్చర్ చదివొచ్చిన విద్యార్థి ఒకరు ఒక పౌరాణికానికి అంతఃపురం మెట్లు గీశారు. ఇంటి మెట్లకైతే వంక పెట్టలేం, ఒక్కో మెట్టు ఏడంగుళాలు. రిహార్సల్‌లో ఆ పాత్ర వేసే అమ్మాయి పట్టుచీర కుచ్చిళ్లతో, పద్యం పాడుతూ, ముఖం ప్రేక్షకుల వైపు పెట్టి దిగాలి. ప్రతి మెట్టుకీ తల దించి పాదాలు చూసుకుంది. పద్యం తెగిపోయింది. మెట్టు ఎత్తు అయిదంగుళాలకి తగ్గించి, వెడల్పు పెంచి, మెట్ల వరస మొత్తాన్ని కాస్త పక్కకి తిప్పాక తల ఎత్తింది. ఈ సంగతి ఏ పుస్తకంలోనైనా ఒక లైనుంటుంది. కానీ ఆ విద్యార్థికి ఇక జన్మలో మరిచిపోయే ప్రసక్తి లేదు, ఎందుకంటే తను గీసిన దాని మీద ఒక మనిషి నడవడం చూశారు. నేను పైన నాటకాల సంఖ్య అడగమన్నది ఇందుకే.

వర్క్‌షాపు ఉందా లేదా చూడండి. ఉందంటే తాళం వేసిన గది చూపిస్తారు, అది కాదు. రంపపు పొట్టు పడుతోందా అని. ప్లైవుడ్ షీటు ఎనిమిది బై నాలుగు అడుగులు కాబట్టి మన ఫ్లాట్లు, అంటే గోడల్లా నిలబెట్టే చట్రాలు, నాలుగడుగుల వెడల్పులో కడితే వృథా ఉండదు. ఎనిమిదడుగుల ఫ్లాట్‌ని టాటా ఏస్‌లో పడుకోబెడితే వెనక కాస్త బయటికొస్తుంది, పన్నెండడుగులది అసలు ఎక్కదు. మడతబందులతో మడిచేలా కట్టాలి. నాటక పరిషత్తుల పోటీల్లో ఒకే సాయంత్రం రెండు మూడు నాటికలు. ఒకరి సెట్ తీసి ఇంకొకరిది నిలబెట్టడానికి ఇచ్చే సమయం నిమిషాల్లో ఉంటుంది. ఈ లెక్కలన్నీ వేసుకున్నాకే అందం. వడ్రంగితో మాట్లాడ్డం రాని డిజైనర్లు ఢిల్లీలోనూ ఉన్నారు, లండన్‌లోనూ ఉంటారు. వాళ్ల సెట్లు ఎప్పుడూ మోడల్‌లోనే బాగుంటాయి.

లైటింగ్ గురించి పొడుగ్గా రాయను, అది వేరే ప్రశ్నంత పెద్దది. ఒక్కటి చెప్తాను, అది విడిగా చదివే సబ్జెక్టు అనుకోకండి. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో పాఠం చెప్పిన స్టాన్లీ మెక్‌కాండ్‌లెస్ 1932లో ఒక పద్ధతి రాసిపెట్టాడు. నటుడి ముఖానికి రెండు పక్కల నుంచీ నలభై అయిదు డిగ్రీల కోణంలో, ఒకవైపు వెచ్చటి రంగు, ఇంకోవైపు చల్లటి రంగు. ఇప్పటికీ ప్రతి క్లాసూ దాంతోనే మొదలు. మీరు పెయింటర్ కాబట్టి మీకు వచ్చే కష్టం వేరు. డబ్బాలో రంగు, కాంతిలో రంగు ఒకటి కావు. కుంకుమరంగు చీర మీద నీలి లైటు పడితే అది నల్లబడుతుంది. పాత హాలోజన్ కింద ముద్దొచ్చిన పసుపు గోడ చవక ఎల్ఈడీ కింద పాలిపోతుంది. దాని ముందున్న నటుడి ముఖం రంగు కూడా మారిపోతుంది. లైటింగ్ డిజైనర్ తాపస్ సేన్ 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో 'అంగార్' నాటకానికి బొగ్గుగని నీట మునిగే దృశ్యాన్ని కాంతితోనే చూపించాడు. ఆ సాధనాలు ఇప్పుడు మన జిల్లా కేంద్రాల హాళ్లలో ఉన్నవాటికన్నా గొప్పవేం కావు.

మన దగ్గరే ఉన్న పాఠశాల గురించి కూడా చెప్పాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక కుటుంబాల వాళ్లు ఇంకా ఆడుతున్నారు. రంగుల తెరలు, కప్పీలు, తీగలు, నిప్పూ పొగా, గాల్లో ఎగిరే పాత్రలు. ఏ తాడు ఎప్పుడు లాగాలో ఆ కుటుంబాల్లో పిల్లలకి తెలుసు. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ అంతటివాడు వచ్చి వాళ్లతో కలిసి నాటకాలు చేయించాడు. మీరు ఎక్కడ చేరినా సరే, ముందో తర్వాతో వాళ్ల ప్రదర్శన ఒకటి తెర వెనక నుంచి చూడండి. అడిగితే కాదనరు. ముందు కూర్చుని చూస్తే మాయ కనపడుతుంది, వెనక నిలబడితే చదువు కనపడుతుంది.

ఎక్కడ?

ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ) గురించి మీరు వినే ఉంటారు. 1959లో సంగీత నాటక అకాడమీ కింద మొదలై 1975లో స్వతంత్ర సంస్థ అయింది. 1962 నుంచి 1977 దాకా డైరెక్టరుగా ఉన్న ఇబ్రహీం అల్కాజీ దాని తీరుతెన్నులు దిద్దాడు. 1963లో ఆయన ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల్లోనే 'అంధాయుగ్' ఆడించాడు. మహాభారత యుద్ధం అయిపోయిన కథకి కూలిన కోటకన్నా సెట్ ఏముంటుంది! అక్కడ కోర్సు మూడేళ్లు. మొదటి ఏడాది అందరికీ అన్నీ. అంటే మీరూ నటించాలి, గొంతు సాధన చెయ్యాలి, పొద్దున్నే లేచి యోగా చెయ్యాలి. తర్వాత నటన ఒక దారి, డిజైన్-దర్శకత్వం ఇంకో దారి. డిగ్రీ ఉండాలి, నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించాలి, వయసు ముప్పై లోపు, సడలింపులు వేరే. సీట్లు చాలా తక్కువ. చేరినవాళ్లకి స్కాలర్‌షిప్ ఇస్తారు, ఇంట్లో చెప్పడానికి ఇది పనికొస్తుంది. కష్టం హిందీ. కాగితం మీద ఇంగ్లీషు కూడా ఉన్నా రిహార్సల్ గదిలో నడిచేది హిందీయే. మన పిల్లలు మొదటి ఆరునెలలు నోరు విప్పరు. సినిమా హిందీ చాలదు, ఇప్పటినుంచే నాటకాలు హిందీలో పైకి చదవడం మొదలుపెట్టండి.

హైదరాబాద్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద థియేటర్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. పీజీ రెండేళ్లు. మీ పరిస్థితిలో నా మొదటి సిఫారసు ఇదే. ఇల్లు మరీ దూరం కాదు, ఫీజు భరించగలిగేదే, చుట్టూ ఉన్న ఊళ్లో నాటకం ఉంది, సినిమా ఉంది, మ్యూజియం ఉంది. పెద్ద క్యాంపస్ కాబట్టి పక్క డిపార్ట్‌మెంట్‌లో బొమ్మలేసేవాళ్లూ నాట్యం చేసేవాళ్లూ కూడా దొరుకుతారు. హైదరాబాద్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం (పొట్టి శ్రీరాములు పేరుతో ఉండేది, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, రెండుచోట్లా రంగస్థల కళల శాఖలున్నాయి. తెలుగు నాటకం మీద పట్టు కావాలంటే వీటికి సాటి లేదు. కానీ డిజైన్‌ని ప్రత్యేకంగా చదవాలనుకునేవాళ్లు ఆ ఏడాది ఆ సబ్జెక్టుకి ఎవరు పాఠం చెప్తున్నారో కనుక్కునే వెళ్లాలి. చిన్న డిపార్ట్‌మెంట్లలో ఒక్క మాస్టారు రిటైరైతే ఒక సబ్జెక్టే రిటైరైనట్టు.

పక్క రాష్ట్రాల్లో త్రిసూర్ స్కూల్ ఆఫ్ డ్రామా, కాలికట్ యూనివర్సిటీది, 1977 నుంచీ ఉంది. కేరళ వాళ్ల డిజైన్ పని మీద నాకు గౌరవం ఎక్కువ. వర్షం, మట్టి, నిప్పు, అన్నిటినీ స్టేజీ మీదికి తెస్తారు, భయపడరు. కర్ణాటకలో హెగ్గోడు నీనాసం ఏడాది కోర్సు గొప్పదే కానీ కన్నడంలో ఉంటుంది, డిజైన్ ఒక్కదానికే అయితే సరిపోదు.

విదేశాల గురించి. లండన్‌లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్, వింబుల్డన్, కార్డిఫ్‌లో రాయల్ వెల్ష్ కాలేజ్, ఇవన్నీ ఈ చదువుకి పేరున్నవే. అక్కడ బాగుండేది ఏంటంటే డిజైన్‌ని మొదటి రోజునుంచీ విడి వృత్తిగా చూస్తారు, మన దగ్గరలాగా దర్శకత్వానికి తోకలా పెట్టరు. కానీ బయటి దేశాల విద్యార్థులకి ఫీజు దాదాపు మూడు రెట్లు ఉండే కోర్సులున్నాయి. ఈ వృత్తిలో వచ్చే సంపాదనతో ఆ అప్పు తీర్చడం అక్కడివాళ్లకే గగనం. పొలం అమ్మి మాత్రం వెళ్లొద్దు, గట్టిగా చెప్తున్నా. ఒక్క మినహాయింపు యేల్. హాలీవుడ్ నిర్మాత డేవిడ్ గెఫెన్ 15 కోట్ల డాలర్లు ఇవ్వడంతో 2021 నుంచి ఆ డ్రామా స్కూల్లో ట్యూషన్ ఫీజు లేదు. షాంఘైలో పుట్టిన మింగ్ చో లీ నాలుగు దశాబ్దాలకి పైగా డిజైన్ నేర్పిన చోటు అది. సీటు రావడం ఎన్‌ఎస్‌డీ కన్నా తేలికేం కాదు, అయినా దరఖాస్తు పెట్టడానికి భయమెందుకు. ఇక్కడ రెండేళ్లు చదివి, కొన్ని నాటకాలు చేసి, అప్పుడు పెట్టండి. వాళ్లు అడిగేదీ అదే అనుభవం. నాలుగేళ్లకోసారి జరిగే ప్రాగ్ క్వాడ్రెనియల్ సంగతి కూడా తెలుసుకోండి. 1967 నుంచీ స్టేజ్ డిజైన్‌కే ప్రత్యేకంగా జరుగుతోంది, విద్యార్థుల పనికి విడిగా విభాగం ఉంది. వెళ్లలేకపోయినా ఆయా దేశాల వాళ్లు ఏం పెట్టారో ఫొటోల్లో చూడొచ్చు. మన కళ్లు తెరుచుకుంటాయి.

నేరుగా సినిమాకి వెళ్తే?

వెళ్లొచ్చు. డబ్బు త్వరగా చూస్తారు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ (పీఓపీ) అచ్చు, థర్మాకోల్ చెక్కడం, రాత్రికి రాత్రి వీధి నిలబెట్టడం, ఈ వేగం నాటకంలో ఎవరూ నేర్పరు. కానీ అసిస్టెంట్‌గా మొదటి కొన్నేళ్లు మీ పని వస్తువులు వెతకడం, అద్దె సామాను లెక్క రాయడం, తిరిగి అప్పజెప్పడం. కథని మీకు ఎవరూ పూర్తిగా చెప్పరు. సినిమా సెట్ ఒక్క కెమెరా కన్ను కోసం కడతారు, ఫ్రేము బయట గోడ లేకపోయినా పర్లేదు. నాటకంలో వందలమంది వందల కుర్చీల్లోంచి ఒకేసారి చూస్తారు, కట్ చెప్పే దిక్కు లేదు. నాటకం నేర్చినవాళ్లు సినిమాకి మారడం నేను చాలాసార్లు చూశాను. సినిమాలో స్థిరపడ్డాక నాటకం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లని చూడలేదు. తీరిక ఎక్కడిది? ఎలాగైనా సినిమానే అనుకుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్ కోర్సు ఉంది, దానికి ప్రయత్నించండి. మీ బీఎఫ్ఏ అక్కడ నేరుగా పనికొస్తుంది.

ఇంటర్వ్యూకి ఏం పట్టుకెళ్లాలి

చాలామంది నూనెరంగుల పెయింటింగులు పట్టుకొస్తారు. ఒకటో రెండో చాలు. మీరు వేసిన ఆ రెండు కాలేజీ సెట్లున్నాయి చూశారా, అవే మీ ఆస్తి. వాటికి ఇప్పుడైనా సరే గ్రౌండ్ ప్లాన్ గీయండి, కొలతలతో. ముతక స్కెచ్చులు, మార్చేసిన ఆలోచనలు, మధ్యలో తీసిన ఫొటోలు, ఖర్చు రాసుకున్న కాగితం కూడా పెట్టండి. మెరిసే ఆఖరి ఫొటో ఒక్కటే ఉంటే మీ బుర్ర ఎలా పనిచేస్తుందో మాకెలా తెలుస్తుంది? ఒక నాటకం ఎంచుకుని దుస్తుల స్కెచ్చులు వేసి, పక్కన నిజమైన గుడ్డముక్క అతికించండి. దుస్తులు మన పని కాదనుకోకండి. నాట్యశాస్త్రం నాలుగు అభినయాల్లో ఒకటిగా ఆహార్యాన్ని, అంటే వేషధారణని, పెట్టింది. మన పోటీల్లో రంగాలంకరణకీ (సెట్), రంగోద్దీపనానికీ (లైటింగ్), ఆహార్యానికీ వేరువేరు బహుమతులిస్తారు గానీ, చదివేటప్పుడు మూడూ మీరే చెయ్యాలి.

నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, చెప్పేస్తాను. సెట్‌లో ఏదో ఒక తలుపు చూపించి "ఇది ఎటు తెరుచుకుంటుంది?" అంటాను. చాలామంది దాని గురించి ఆలోచించి ఉండరు. సాధారణంగా స్టేజీ మీద తలుపు బయటి వైపుకి, అంటే వింగ్ వైపుకి తెరుచుకోవాలి, మడతబందులు వెనక పక్కన ఉండాలి. అప్పుడే తలుపురెక్క నటించే చోటుని తినేయదు, లోపలికొచ్చే మనిషి దాని చాటున పడడు. భయపెట్టే సీనైతే ఇదే సూత్రాన్ని కావాలని తిరగేస్తారు. మీరు తిరగేసినా నాకు అభ్యంతరం లేదు, ఎందుకో చెప్పగలిగితే.

ఇంట్లోవాళ్లకి

ఉన్నదున్నట్టు చెప్పండి. నెల మొదట్లో జీతం పడే ఉద్యోగాలు ఇందులో తక్కువ. పరిషత్తు నాటకాలకి సెట్ వేస్తే దారిఖర్చులూ భోజనం పోను మిగిలేది చెప్పుకోదగ్గది కాదు. పైగా చాలామంది దర్శకులు ప్రదర్శనకి వారం ముందు ఫోన్ చేసి "మూడు తలుపులు, ఒక సోఫా, గోడకి దండేసిన ఫొటో" అంటారు. ఆ మూడు తలుపుల ఇంట్లోంచి తెలుగు నాటిక ఇంకా బయటికి రాకపోవడం మీద నాకు చాలా కోపం ఉంది, అది ఇక్కడ వద్దు.

బతుకుతెరువు పక్కపక్కనే ఉంటుంది. సినిమాలు, వెబ్ సిరీస్‌ల ప్రొడక్షన్ డిజైన్, మ్యూజియంలు, ఎగ్జిబిషన్లు, నాట్య ప్రదర్శనలు, పెద్ద పెళ్లిళ్లు, సభలు, నాటకం నేర్పే ప్రైవేట్ స్కూళ్లు. ఎన్‌ఎస్‌డీ డిప్లొమాని కాలేజీల్లో పాఠం చెప్పే ఉద్యోగాలకి ఎంఏతో సమానంగా గుర్తించారు, కాబట్టి అటూ దారుంది. నా దగ్గర చదివినవాళ్లలో పూర్తిగా నాటకం మీదే బతికేవాళ్లు తక్కువే. కానీ పని లేక ఖాళీగా కూర్చున్నవాళ్లు అంతకన్నా తక్కువ. చోటు కొలవడం, ఖర్చు లెక్కవెయ్యడం, పదిమంది పనివాళ్లతో గడువులోపు పని చేయించడం వచ్చినవాళ్లని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. మీ నాన్నగారు నాటకం అంటే వినకపోతే, ఈ మాట చెప్పి చూడండి.

ఇక లాప్‌టాప్. ఇప్పుడే కొనకండి. మొదటి ఏడాది మీకు కావల్సింది స్కేలు, పదునైన కటింగ్ బ్లేడు, మౌంట్ బోర్డు, ఇరవై అడుగుల టేపు. టేపు ఎప్పుడూ సంచీలో ఉండాలి. కనపడిన ప్రతి కుర్చీ, మెట్టు, గుమ్మం, అరుగు కొలిచి రాసుకునే అలవాటు చేసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో స్కెచ్‌అప్ తేలిక, ఆటోక్యాడ్ అన్నిచోట్లా అడుగుతారు, విదేశాల్లో నాటకంవాళ్లు వెక్టర్‌వర్క్స్ వాడతారు, బ్లెండర్ ఉచితం. చేరిన చోట ఏది నేర్పుతారో తెలిశాక, దానికి సరిపడే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కొనండి. రెండో ఏడాదిలో కొంటే అదే డబ్బుకి ఇంకా మంచిది వస్తుంది. ఆ రెండు నాటికల సెట్ ఫొటోలుంటే కింద పెట్టండి, గ్రౌండ్ ప్లాన్ గీశాక అది కూడా. చూసి చెప్తాను.